ఈ వారం చేతుల పని

గోడకి కాగితం అంటించింది రాగ్నిల్డ్:
"ఈ వారం చేతులతో నేర్చుకుందాం."
నాలో నేను నవ్వుకున్నాను.
ముప్ఫై ఒక్క ఏళ్ళు కాడ్ చేపలు కోసిన చేతులివి.
ఫ్యాక్టరీ మూతపడి
ఈ పిల్లల బడిలో ఆయాగా చేరి ఇవాళ్టికి పదకొండు రోజులు.
కుడిచేతి చివరి రెండు వేళ్ళూ
మంచుకీ కత్తికీ ఎప్పుడో జమకట్టేశాను,
వేడీ తెలీదు, చలీ తెలీదు.
ఇంకేం నేర్చుకుంటాయి?

సోమవారం పళ్ళెంలో మంచుగడ్డ.
లోపల చిక్కుకుపోయి ఒక ఎర్ర బొత్తాం, ఒక ఆల్చిప్ప.
విడిపించండి అని పిల్లల చేతికి ఉప్పు ఇచ్చాం.
ఎస్కిల్ ఉప్పు చల్లి చెవి ఆనించాడు.
"చిటపటమంటోంది! దీనికి ఉప్పు కారంగా ఉందేమో!"
ఉప్పులోనే బతికాను, మంచులోనే బతికాను,
చెవి పెట్టాలని ఒక్కనాడూ తోచలేదు.

తూర్యుస్ మాత్రం జేబుల్లోంచి చేతులు తియ్యడు.
జిగురంటే వణుకు. ఇసుకంటే వణుకు.
తడి ఉన్ని తగిలితే గుక్కపట్టిన ఏడుపు.
నాలుగేళ్ళవాడు
లోకాన్నంతా కళ్ళతోనే తడుముతాడు.
వాణ్ణి బలవంతపెట్టొద్దంది రాగ్నిల్డ్.
ఆ మాట మా మేస్త్రీకి ఎవరూ చెప్పినట్టు లేదు.

మంగళవారం నాది.
రేవు నుంచి మోచేయంత చేప తెచ్చాను.
కత్తి అందగానే చేతులు పాత పరుగు అందుకున్నాయి.
చీరు, తిప్పు, లాగు, విసురు.
"ఆగు! ఆగు! మాకేం కనబళ్ళేదు!"
ఆగాను.
ఆగితే జీతం కోసే చోటు నుంచి వచ్చినదాన్ని,
ఎంతసేపు ఆగాలో తెలియక కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాను.
పొట్టలో సగం అరిగిన పీత దొరికింది.
"పాపం, అన్నం మధ్యలో పట్టేశారు," అన్నారెవరో.
ఫెవెన్ చేపకంటిలోంచి గాజుపూస లాంటిది ఊడదీసి
కిటికీకి ఎదురుగా పట్టుకుంది.
"రేవు దీపాలన్నీ తలకిందులు!"
వరసలో నిలబడి నేనూ చూశాను.
లక్షల కళ్ళు చెత్తబుట్టలోకి తోసిన నేను.

బుధవారం ఏం చెయ్యాలనుకున్నామో కాగితానికే తెలియాలి.
తుఫానొచ్చి కరెంటు పోయింది.
పగలైనా ఇక్కడ జనవరిలో పగలేం కాదు కదా.
చీకట్లో ఒకరి మొహం ఒకరు తడిమి పేరు చెప్పే ఆట
దానంతటదే పుట్టింది.
నా చేయి అందినవాళ్ళంతా టక్కున చెప్పేశారు:
"యోర్డిస్! చెట్టు బెరడు!"

గోడ పక్కన జేబుల్లో చేతులతో తూర్యుస్ గొంతు.
"నీ రెండు వేళ్ళకీ నిజంగా ఏమీ తెలీదా?"
"తెలీదురా."
చాలాసేపు గాలి ఒక్కటే మాట్లాడింది.
"నాకు అన్నీ మరీ ఎక్కువ తెలుస్తాయి," అన్నాడు.

గురువారం పిండి కలిపాం,
మర్నాడు సూర్యుడు వస్తాడని, వచ్చినవాడికి రొట్టెలు పెట్టాలని.
పిండి పొంగి గిన్నె అంచు మీద గడ్డం ఆనించింది.
మోచేతుల దాకా మునిగారు అందరూ.
తూర్యుస్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.
జేబులోంచి ఒక చేయి బయటికొచ్చింది, పొడిగా, వెచ్చగా ఉందేమో,
నేను చెప్పలేను,
వాడు పట్టుకున్నది ఆ రెండు వేళ్ళనే.
పెన్సిల్ పట్టినట్టు పట్టి
పిండిలోకి దించాడు.
నాకు తెలియదని వాడే చెబుతున్నాడు, చూసి చూసి:
"ఇప్పుడు మెత్తగా ఉంది.
ఇప్పుడు అంటుకుంది.
ఇప్పుడు లాగుతోంది, వదలనంటోంది.
ఆఁ, వదిలేసింది."
ఇరవై రెండు ఉండలకీ నడుమ గుంట
అలాగే పొడిచాం.

శుక్రవారం అందరం మెట్ల మీద.
ఆరువారాలుగా రానివాడు
కొండ భుజం మీద అంగుళం కనబడి, మబ్బు కప్పుకుని వెళ్ళిపోయాడు.
పసుపు క్రీము నిండిన గుంటలు మాత్రం మా చేతుల్లో మిగిలాయి.
తూర్యుస్ చెంచాతో తిన్నాడు.

సాయంత్రం రాగ్నిల్డ్ గడులు నింపుతూ రాసుకుంది:
తూర్యుస్, పిండి, ముట్టుకోలేదు.
నిజమే.
గిన్నెలు తోముతూ నేనేమీ అనలేదు.
నీళ్ళు వేడిగా ఉన్నాయో లేదో
ఆ రెండు వేళ్ళనీ ముంచి, అలవాటు లేని పని,
కాసేపు చూస్తూ ఉన్నాను.