పెన్సిలుతో రాసిన వారం

పిండి బస్తా కాగితం చింపి
వెనక వైపు ఏడు గళ్ళు గీశాను.
స్కేలు లేదు. ఎవరిదో చెప్పు అంచు ఆనించి గీశాను,
అందుకే గురువారం కాస్త వంకర.

బేగిమాయ్ ఎదురుగా కూచుని
బొటనవేలికి టేపు చుట్టుకుంటోంది.
ఓష్ ఊళ్ళో మూతబడ్డ బూట్ల ఫ్యాక్టరీ,
దాని నేలమాళిగ,
పైపు కారే చోట ఒక బకెట్టు.
ఇదీ మా తాలింఖానా.
పోటీకి తొమ్మిది వారాలుంది.

ముందు నీ పని గంటలు చెప్పు, అన్నాను.
రాత్రి రెండింటికి తందూరు రాజెయ్యాలి,
ఆరింటికల్లా నాలుగు వందల నాన్‌లు బజారుకి చేరాలి,
పదింటిదాకా అమ్మాలి, మూడింటిదాకా పడుకోవాలి.
మిగిలింది నాది, అంది.
కాదు, నాది, అన్నాను.
ఇద్దరం నవ్వాం. మిగిలిందే గుప్పెడు.

సోమవారం కుస్తీ.
మంగళవారం ప్యాడ్ల మీద ఐదు రౌండ్లు.
ఆరోది అడుగుతుంది. ఇవ్వకూడదు.
బుధవారం బరువులు అని రాసి, పక్కన చిన్నగా:
బస్తాలు దింపిన రోజైతే వద్దు.
ఎత్తింది జీతానికో సాధనకో
కండకి తెలీదు.

గురువారం నేల మీద ఆట.
గొంతు బిగింపు, మోచేతి మెలిక,
కిందపడ్డాక కంగారు లేకుండా ఊపిరి తీసుకోవడం.
పట్టూ విడుపూ అంటాం గానీ
అందరికీ పట్టే నేర్పుకుంటూ వచ్చాను.
విడుపు నాకే ముప్ఫై ఏళ్ళు పట్టింది.

శుక్రవారం: స్పారింగు.
చెయ్యి అలవాటుగా రాసేసింది.

పోయిన శుక్రవారం
చోల్పోన్ మోకాలు ఈ పిల్ల కణతకి తగిలింది.
లేచింది. నవ్వింది. రౌండు పూర్తి చేసింది.
నేను గడియారం చూశానే గాని
కళ్ళు చూళ్ళేదు.

మర్నాడు రొట్టెకి వెళ్ళాను.
రెండు నాన్‌లు డెబ్బై సోమ్‌లు, వంద నోటిచ్చాను.
యాభై తిరిగిచ్చింది.
ఎక్కువిచ్చావు, అన్నాను. మళ్ళీ లెక్కపెట్టింది.
మళ్ళీ యాభై.
ఆరేళ్ళుగా చీకట్లో వేళ్ళతోనే
చిల్లర పోల్చుకునే మనిషి.
ఇంటికొచ్చి చూస్తే
రొట్టె నడుమ ఉండాల్సిన పువ్వు అచ్చు
అంచుకి జరిగి ఉంది.

ఆ రోజే అనాల్సింది. అనలేదు.

నా కుడి చెవి ఎండిన కాలీఫ్లవర్,
ఎడమ మోకాలు మంచు పడకముందే కబురు చెబుతుంది.
ఇవి కనపడే దెబ్బలు, వీటితో నాకు పేచీ లేదు.
నా జతగాడు తెమిర్లాన్‌కి
ఒంటి మీద గీత లేదు.
కూతురి పేరేమిట్రా అంటే మాత్రం
కాసేపు కిటికీలోకి చూస్తాడు.

రబ్బరివ్వు, అన్నాను.

దేనికని అడగలేదు. తెలుసు.
తొమ్మిది వారాలే ఉంది, మెత్తబడిపోతాను, అంది.
పిండి కొద్దీ రొట్టె. కలిపిన పిండిని
కాసేపు ఊరుకోనివ్వకుండా కాలిస్తే ఏమొస్తుంది?
రాయొస్తుంది, అంది. అయినా
మా పిండిని ఎవరూ తన్నరు గురువుగారూ.

నిజమే. జవాబు తోచలేదు.
చెరుపుతూనే ఉన్నాను.
కాగితం మాసి, పలచబడి,
శుక్రవారంలోంచి బల్ల కనపడేలా ఉంది.

రేపు డాక్టరు దగ్గరికి. నేనూ వస్తాను.
ఆయన సరే అనేదాకా
ఈ వారమంతా కాగితం మీదే.

చాలాసేపు మాట్లాడలేదు.
బకెట్లో చుక్కలు పడ్డాయి.
చుట్టిన టేపంతా విప్పి, ఉండ చేసి,
నా చేతిలో పెన్సిలు లాక్కుని
శుక్రవారంలో తనే రాసింది:
గురువుగారికి రొట్టె. వంద నోటు. చిల్లర.

సరిగ్గా ఇచ్చేదాకానా?
సరిగ్గా ఇచ్చినా, అన్నాను.

శనివారం ఏదో రాశాం, పరుగని గుర్తు.
ఆదివారం గడి మీదికి
మిల్లు వాళ్ళ ఎర్రముద్ర అవతలి నుంచి ఊరింది.
అక్కడ పెన్సిలు ఆనదు.
ఒకసారి రుద్ది చూసి
వదిలేశాను.