ఒడ్డు లేని నీళ్ళు

హల్ రేవులో, మూతపడిన సినగాగు బీరువా నుంచి
చేపల అట్టపెట్టెలో వచ్చింది నా బల్ల మీదికి.
నూట పద్దెనిమిది ఆకులు. అట్ట లేదు.
తడిసి ఆరిన అప్పడంలా అంచులు.
మొదటి వారం ఊరికే వాసన చూశాను:
ఉప్పు, బూజు, ఎవరిదో కొవ్వొత్తి.

చదవడం నాకు రాదు కూడా.
కాగితాలకు వైద్యం చేసేదాన్ని,
లిపి ఏదైనా నాకు గాయం ఒకటే.
ఈ సిరా సంగతి మాత్రం తెలుసు.
మాచికాయ నలగ్గొట్టి, అన్నభేది కలిపి, జిగురు పోసి కాస్తారు.
రాసిన రోజు నల్లగా నవ్వుతుంది,
రెండొందల ఏళ్ళకు, రాసినచోటే కొరుకుతుంది.
గట్టిగా నొక్కి రాసిన మాటలే ముందు రాలిపోతాయి.

గురువారాలు జెలిగ్ బ్రోడీ వస్తాడు,
ఎనభై ఆరేళ్ళు, రెండు కళ్ళజోళ్ళు, జేబునిండా పిప్పర్‌మెంట్లు.
కుడి నుంచి ఎడమకు వేలు నడుపుతాడు, తాకకుండా,
వేడిపాల మీద మీగడ చూసినట్టు.
"ధర్మసందేహాలు," అన్నాడు. "ఊరూరా అడిగినవి.
రబ్బీ జవాబులు. అచ్చుకెక్కలేదు. ఇదొక్కటే ప్రతి."

కోడి పొట్టలో సూది దొరికితే తినవచ్చా.
ఉమ్మడి గోడ కూలితే ఇటుకలు ఎవరివి.
శుక్రవారం పొద్దుగూకాక చేరిన ఉత్తరం విప్పవచ్చా.
డెబ్బై మూడో ఆకులో ఫ్రూమా.

ఎలియేజర్ కూతురు ఫ్రూమా, ఉప్పు వర్తకుడి భార్య.
పడవ మునిగింది. శవం తేలలేదు.
చూసినవాడు ఒక్కడే, గుర్రాలు తోలేవాడు.
"ఈ విషయంలో ఒక్క సాక్షి చాలు," అన్నాడు జెలిగ్,
"ఆడదాని బతుకు ముడిపడినచోట మా ధర్మం కాస్త వంగుతుంది.
కానీ నీళ్ళ లెక్క వేరు.
నలువైపులా ఒడ్డు కనబడే నీళ్ళలో పడి
పైకి రాకపోతే, పోయినట్టే.
ఒడ్డు లేని నీళ్ళయితే
ఏమో, ఏ దరికో చేరి ఉండవచ్చు.
అప్పుడామె పెళ్ళాడకూడదు.
విధవా కాదు, ఇల్లాలూ కాదు."

కిటికీలో హంబర్, బురద రంగు.
అవతలి గట్టు ఉందనుకుంటే ఉంది.

పదకొండేళ్ళు ఆగి అడిగిందట ఫ్రూమా.
రబ్బీ మూడు పుటలు తనతో తనే వాదించాడు,
పాత పండితులను ఒక్కొక్కరినే పిలిచి, కూర్చోబెట్టి, లేపి.
"కాబట్టి ఈ స్త్రీ" అని చివరి పంక్తి.
ఆ తర్వాత
చిల్లు.
గోరంత చిల్లు. మాట కాలిపోయింది.

నొక్కి రాసి ఉంటాడు.

ఎదుటి పుటలో సిరా నీడ దిగింది, తిరగబడి.
సంచిలోంచి బొట్టు అద్దం తీశాను.
జెలిగ్ ఊపిరి బిగబట్టి వంగాడు.
"మేమ్," అన్నాడు. "మొదటి అక్షరం మేమ్ లాగుంది."
అంటే?
"ముతేరెత్. చెల్లుతుంది, పెళ్ళాడవచ్చు."
నవ్వబోయి ఆగాడు. కళ్ళజోడు మార్చాడు.
"మయిమ్ కూడా మేమ్‌తోనే మొదలు. నీళ్ళు."

గది తుడవడానికి వచ్చిన డోరీన్
కర్ర గోడకు ఆనించి నిలబడింది.
"మా నాన్న ట్రాలర్ ఐస్‌లాండ్ పైన పోయింది.
అమ్మ ఆయన పేర చావుచందా వారం వారం కట్టేది.
శవం లేనిదే డబ్బివ్వరు. అయినా కట్టింది, ముప్పై ఏళ్ళు.
మానేస్తే తనే చంపినట్టవుతుందని."
జెలిగ్ ఆమెకొక పిప్పర్‌మెంటు ఇచ్చాడు.
నోట్లో వేసుకుని, నేల తుడిచి, బకెట్టు తీసుకుని వెళ్ళింది.

నా పనికీ ఒక శాస్త్రం ఉంది:
చిల్లు పూడ్చు, అక్షరం పూడ్చకు.
ఉల్లిపొరంత జపాను కాగితం, గోధుమ గంజి,
అంచులు మాత్రం పట్టించాను.

మరుసటి గురువారం జెలిగ్
వెలుతురుకెత్తి పట్టమన్నాడు.
పట్టాను.
పొర వెనక నది మసకగా కదిలింది.
"ఆమె పెళ్ళాడింది," అన్నాడు. "నాకు తెలుసు."

ఎలా అని అడగలేదు.
ఒక్క సాక్షి చాలన్నది ఆయనే.