చక్కెర కొలత

కనిగిరి బోరు నీళ్లు దీనికి పన్లే.
క్యాన్లు రెండు కొన్నా.
సజ్జలు మొలకెత్తించి ఎండబెట్టి
సగం దోరగా వేయించి, సగం అట్నే ఉంచి
తిరగల్లో బరగ్గా విసిరి కాచా.
ఆరాక చిటికెడు ఈస్టు,
బేకరీ మస్తాను పొట్లం కట్టిచ్చింది.

రోహిణి కార్తెలో మొదలెట్టడం నాదే తప్పు.
డ్రమ్ముకి తడి గోనె చుట్టి
పూటపూటా నీళ్లు చల్లా,
చూడి గేదెకి చేసినట్టు.
రెండోనాటి రాత్రి గొట్టంలో
బుడక్... బుడక్...
"ఏందయ్యో, గోడలో ఎవురన్నా ఉండారా?"
నిద్దట్లోనే అడిగింది రమణమ్మ.

పదకొండో రోజుకి ఆ మాట ఆగింది.
పాత సామాన్ల మాల్యాద్రి దగ్గర సీసాలు,
ఒక్కోటి మూడు రూపాయలు.
లేబుళ్లు నానబెట్టి గోళ్లతో గీకా.
సీసాకి అర చెంచా చక్కెర
(చెయ్యి ఊరుకోక రెండింట్లో నిండు చెంచా),
మూత పెట్టి సుత్తితో బిగించా.

ఆ రెండే, అర్ధరాత్రి, మంచం కింద పేలినయి.
గాజుపెంకులు, నురగ, వీధంతా కుక్కలు.

రమణమ్మ లైటేసింది. చీపురు తెచ్చింది.
తిట్టలా.
మిగిలినోటి మూత పీకి వాసన చూసి
"రెండోరోజు దోసెల పిండి" అంది.
ఒక గుక్క తాగింది.
ఇంకో గుక్క.

"ఈసారి చక్కెర నేనేస్తాలే."