మగ్గం గుంత

మగ్గం అమ్మేసినాక మిగిలింది గుంత.
మోకాళ్ల దాకా లోతు.
నాయన కాళ్లకు కొలిచి తవ్వింది గనక
నాకు రెండు వేళ్లు ఎక్కువ.
అంచున కూర్చొని కాళ్లు లోపలికి వేలాడేసి
అడ్డంగా ఒక పాత తలుపు చెక్క పరుచుకుంటే
అదే నా బల్ల.
గొళ్లెం ఊడిన చోట రెండు బొక్కలు.
ఒకదాంట్లో పెన్ను నిలబడుతుంది.
రెండోదాంట్లోంచి చీమలు వస్తాయి.

మోరగుడిలో మా సందంతా పూడ్చుకున్నారు.
ఎదురింట్లో గుంత ఉన్న తావున ఫ్రిజ్జుంది.

మిద్దెకు గవాచి ఒకటే.
పొద్దున ఎనిమిదిన్నరకు గూటి పక్కన
రూపాయి బిళ్లంత వెలుగు గోడ మీద దిగుతుంది.
తొమ్మిదింపావుకు చెక్క మీదికొస్తుంది, రొట్టెంత అయ్యి.
అప్పటికి నేను అంగన్‌వాడీలో
పిల్లోళ్ల బరువులు తూస్తా ఉంటాను.
ఆదివారం తప్ప మేమిద్దరం కలుసుకోం.
తక్కిన దినాల్లో తెల్లారుజామున నాలుగింటికి
బల్బు కింద రాస్తాను.

నిండిపోయిన రిజిస్టర్లే నా కాగితాలు.
ఒక పక్క గుడ్లు, పాలు, హాజరు.
వెనక పక్క నాది.
ఒక కథలో ముసలామె అలిగి బావి కాడ కూర్చుంటే
కాగితం అవతల నుంచి
‘కందిపప్పు, మూడు కిలోలు తక్కువ’ అని కనిపించింది.
ఆమె అలకకు అదే కారణమని రాసేసినా.

కడప సభలో పరిచయమైన ఒకాయన
గుంత చూసి చేతులు జోడించి
“మీ నాయన బట్ట నేసె, మీరు మాటలు నేస్తున్నారు” అన్నాడు.
టీ ఇచ్చి పంపినా.
పోగు తప్పితే షావుకారి చీర తిరగేసి
మూడొందలు పట్టుకునేవాడు.
నేను తప్పు రాస్తే కొట్టేసి పక్కన రాస్తాను,
ఎవరూ పట్టుకోరు.
పట్టుకుంటే బాగుండునని ఒక్కోసారి.

నిరుడు తమ్ముడు చౌడప్ప మైదుకూరులో ఇల్లు కట్టి
నాకొక గది చూపించినాడు.
కిటికీ, ఫ్యాను, సొరుగుల బల్ల.
“ఈడ కూర్చోని ఎంతన్నా రాసుకో అక్కా.”
పదకొండు దినాలున్నా.
కాళ్లు నేల మీద పెట్టుకోని ఏం చేయాల్నో తెలీలేదు.
ఒకదాని మీద ఒకటి వేస్తి. మడిస్తి. చాపితి.
ఒక కిరాణా పట్టీ రాసినా, అంతే.

ఏముంది ఆ గుంతలో అంటే
చెప్పడానికి పెద్దగా లేదు.
చల్లదనం. నడి ఎండాకాలంలో గూడా తడి మన్ను వాసన.
తొక్కుడు చెక్కలు ఊడబెరికిన చోట రెండు గాట్లు,
నా మడమలు వాటిలో సరిపోతాయి.
ఎడమది ఎక్కువ అరిగింది.
నాయనకు ఆ కాలు బలం.
వాక్యం నిలిచిపోయినప్పుడు
నాకు తెలీకుండానే ఎడమకాలు తొక్కుతుంది.
ఏమీ కదలదు. వాక్యం గూడా.
అయినా తొక్కుతుంది.

పోయిన శ్రావణంలో పిల్లి ఈనింది లోపల, మూడు కూనలు.
ఇరవై దినాలు మంచం మీద రాసినా.
ఆ పేజీలు ఇప్పుడు చదివితే
ఎవరో పడుకోని చెప్పినట్టుంటాయి.

ఇప్పుడు చౌడప్ప మళ్లీ ఫోను.
పైన స్లాబు, కింద టైల్సు.
మేస్త్రీ గుర్రప్ప వచ్చి టేపు పట్టినాడు.
“అర ట్రాక్టరు గరుసు చాలక్కా,
సాయంత్రానికి సదునైపోతుంది.”
లోతు కొలవడానికి దిగినోడు
అంచున కూర్చొని, కాళ్లు వేలాడేసి
బీడీ ముట్టించినాడు.
బీడీ అయిపోయింది.
“మా అత్తోళ్లింట్లో గూడా ఉండె” అన్నాడు.
రెండోది ముట్టించలేదు, లేవనూ లేదు.
టేపు దానంతటదే చుట్టుకోని పెట్టెలోకి పోయింది.
నేను కొలత అడగలేదు.

గరుసు శనివారం వస్తుందంట.
రానీ.
వాకిట్లో పోయించి
వాననీళ్లు నిలిచే తావున పరిపిస్తా.
ఆదివారం తొమ్మిదింపావుకు
నాకు పనుంది.