గేటులో దూది పోగు

రెండు నిమిషాల యాభై సెకన్లు.
సెన్సారు కాగితం పోయినాక నల్లటి తెర,
యాడో నీళ్ళు కారే చప్పుడు.
పేర్లింకా రాలేదు.

ఆదోనిలో మా హాలుకొచ్చే జనం
ఆ టయానికి సగం మంది సైకిల్ స్టాండు కాడే ఉంటారు.
మిగతా సగం మాబు సాబ్ టార్చి ఎనకాల
ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటా కుర్చీలు ఎతుక్కుంటుంటారు.
హంతకుడెవరో అప్పుడే చెప్పేసినా
వినేవాడు లేడు.

చెప్పేస్తాడు కూడా.
నిర్మాత పేరు కింద ఒక చెయ్యి గడియారానికి కీ ఇస్తుంది,
ఎడమ చెయ్యి.
సంగీతం అని పడేటప్పుడు గోడకు అయిదు మేకులు,
నాలుగే పటాలు.
కూర్పు అనే మాట నడిమికి తెగి, పక్కకు జరిగి,
మళ్ళీ అతుక్కుంటుంది.
అతుకు కాడ సన్న గీత మిగుల్తుంది.
అయిదో మేకు ఎవరి పటానిదో చెప్పేదానికే
ఆ పైన రెండు గంటల వాన, పోలీసులు, పరుగులు.

రోజుకు నాలుగాటలు, ఏడు వారాలు
ప్రొజెక్టర్ రూము కంతలోంచి చూసినోణ్ణి నేనే గానీ,
ఇవేవీ నేను కనిపెట్టినవి కావు.
జిన్నింగు మిల్లులో కాటా గుమాస్తా ఉరుకుందప్ప చూపిచ్చినాడు.
బోరెంలో చెయ్యి పెట్టి తేమ ఎంతో చెప్పే మనిషి.
బెంచీ టికెట్టు కొని, గోడకానుకొని నిలబడి
దర్శకుడి పేరు పడంగానే బయటికి నడుస్తాడు.
"మిగతాది అందరికీ అర్థమయ్యేదే గదప్పా."

ఒకనాడు ఉగ్గాని బండి కాడ
మిరపకాయ బజ్జి తుంచుతా అన్యాడు:
"అన్నీ కుదిరినాయి.
ఆ దారం ఒక్కటే నాకు తెగడం లేదు."
ఏ దారం?
"పైన, కుడి మూల. మొదటి పేరు కాన్నుంచి
కడాపేరు దాకా వణుకుతుంటాదే, అది.
ఉరి లెక్క ఉంటాది.
కథలో ఉరి ఎవురికీ పడలేదే.
మరి అది ఎవురి మెడకు?"

నోట్లో బొరుగులు నోట్లోనే నిలిచినాయి నాకు.
అది దారం కాదు సామీ.
యార్డు నిండా పత్తి, ఊరి గాలంతా దూది.
ఫ్యాను కంతలోంచి వచ్చిన పోగొకటి
గేటులో చిక్కుకుంటుంది.
బొమ్మ తలకిందులుగా పోతుంది గదా,
తెర మీద పైన కుడి అంటే లోపల కింద ఎడమ.
ఆ మూల చిన్న నొక్కుంది, దూది అక్కడే పడుతుంది.
ఈనె కన్నా సన్నందాన్ని
లెన్సు మోకును చేస్తుంది.
టైటిల్స్ పొయ్యేలోపు బీడీ ఆర్పి
అప్పుడు ఊదేస్తా. నా బద్ధకం, అంతే.

చెప్దామనుకున్యా. చెప్పలేదు.
ఆ రాత్రి రెండో ఆటకు ముందు
బ్రష్షు పెట్టి గేటు శుద్ధం చేసినా.
గడియారం ఉంది, మేకులున్నాయి, గీత ఉంది.
పేర్లు మాత్రం పెండ్లి పత్రిక మీది పేర్ల మాదిరి
వచ్చినాయి, పోయినాయి.
భయం లేదు.

మర్నాడు దర్శకుడి పేరు పడినా
ఉరుకుందప్ప కదల్లేదు.
ఖాళీ మూలనే చూస్తా ఉండిపొయ్యినాడు.
మాబు సాబ్ టార్చి పొరపాటున ఆయన మొగం మీద పడి
దొంగ లెక్క పక్కకు తప్పుకుంది.

ఆ ఏడు పత్తి దర పడిపోయింది.
తరుగు కింద నాలుగు కేజీలు కొట్టేసిన బోరెం ఒకటి,
దాని మనిషి కాటా రాయి పట్టుకొని శానా సేపు కూర్చున్యాడని
మిల్లు హమాలీలు అనుకుంటుంటే విన్యా.
తర్వాత ఏమయిందో వాళ్ళూ అనలేదు.
ఆ పేరు ఉరుకుందప్ప నాకెప్పుడూ చెప్పలేదు.
నేనూ అడగలేదు.

మూడో నాడు
ఫ్యాను కంతకున్న గోనెపట్టా తీసి పక్కన పడేసినా.
వచ్చేది వస్తుంది.
నల్లటి తెర. నీళ్ళు కారే చప్పుడు.
బెంచీల కాడ గోడకు ఎవరన్నా ఆనుకున్నారో లేదో
నా కంతలోంచి కనపడదు.