నెలలు వెనక్కి

ఉద్యోగంలో చేరిన రోజు నా చేతిలో
మూడు తాళంచెవులు పెట్టారు.
ఒకటి గదికి, ఒకటి ఐసు మిషనుకి,
మూడోది దేనిదో ఎవరికీ గుర్తులేదు.

గదంటే పాత చీపుళ్ళ కొట్టు.
గోడలకి ఇంకా బ్లీచింగు వాసన.
ఒక బల్ల, దాని కుంటికాలు కింద మడిచిన అట్టముక్క,
తలుపు మీద ఎవరి పేరో గీకేసిన చోట
తెల్ల టేపు అంటించి రాసుకున్నాను:
ఐలా కొస్కెలా, అథ్లెటిక్ ట్రైనర్.

మిన్నెసోటా ఉత్తరపు కొస. ఇనుప గనుల ఊరు.
నవంబరులో బడి వదిలిన కాసేపటికే చీకటి.
ఇక్కడి పిల్లలు నడక కన్నా ముందు
మంచు మీద జారడం నేర్చుకుంటారని
ఊరంతా గొప్పగా చెప్పుకుంటారు.
పడటం ఎప్పుడు నేర్చుకుంటారో ఎవరూ చెప్పరు.

రెండొందల ఆరు ఎముకలూ
కంఠతా పట్టి వచ్చినదాన్ని.
పదిహేనేళ్ళ కుర్రాడు బల్ల మీద కాలు చాచి
నా తల మీదుగా గోడని చూస్తూ
వాళ్ళ నాన్నని గనిలోంచి తీసేశారని చెబితే
చీలమండకి టేపు
ఎన్ని చుట్లు చుట్టానో లెక్క తప్పాను.

జీతం ఎంతని అమ్మ అడిగితే
"ఐసు ఉచితం" అన్నాను.

కోచ్ హాల్వర్సన్ చెడ్డవాడేం కాదు.
మొదట్లో "నీళ్ళమ్మాయ్" అనేవాడు,
మూడో వారానికి పేరు నేర్చుకున్నాడు,
నాలుగో వారం ఆ పేరు పెట్టే కేకలేశాడు.

ఆ శుక్రవారం, రెండో పీరియడ్‌లో
ఎలై నీమి గోడకి గుద్దుకున్నాడు.
ఎవరో తలుపు వేసినంత చప్పుడు, అంతే.
లేచాడు, చెయ్యి ఊపాడు, జనం చప్పట్లు.
రావలసిన గేటు దాటి రెండడుగులు ముందుకెళ్ళి
వెనక్కి తిరిగాడు.
ఆ రెండడుగులు నా కంట్లో పడ్డాయి.

"బాగానే ఉన్నా" అన్నాడు, అడక్కముందే.
"నెలలు వెనకనుంచి చెప్పు."
డిసెంబరు నవంబరు అక్టోబరు...
ఎక్కం అప్పజెప్పినట్టు
ఒక్క ఊపిరిలో జనవరి దాకా వచ్చి
హెల్మెట్ అందుకున్నాడు.

అప్పుడు చూశాను, బెంచీ పొడుగునా
మిగతా పిల్లల పెదాలు కూడా కదలడం.
బస్సుల్లో, స్నానాల గదుల్లో
జట్టు జట్టంతా
ఏడాదిని తిరగేసి బట్టీ పట్టారు.
నా ప్రశ్నపత్రం ఎప్పుడో బయటికి పోయింది.

పుస్తకంలో లేనిది వెతుక్కున్నాను.
"ఆర్విడ్ కుక్క పేరేంటి?"

ఆర్విడ్ మంచు చదును చేసే బండి నడుపుతాడు.
పక్కనే ముసలి కుక్క.
ప్రాక్టీసయ్యాక రోజూ అది
ఎలై గ్లవ్ కరుచుకుని పారిపోతుంది,
రోజూ వీడు పేరు పెట్టి అరుస్తూ వెంటపడతాడు.
ఆ పేరు ఈ రేకుల కప్పుకి కూడా వచ్చు.

ఎలై నోరు తెరిచాడు.
తెరిచే ఉంచాడు.
దీపాల వైపు చూశాడు, గ్లవ్ వైపు చూశాడు,
పంటిగాట్లున్న చోట బొటనవేలితో రుద్దాడు,
అక్కడ రాసి ఉంటుందేమో అన్నట్టు.

హెల్మెట్ లాక్కుని సంకలో పెట్టుకున్నాను.

కోచ్ అరిచాడు. స్కోరు సమానంగా ఉంది మరి.
మెట్ల మీంచి ఎవరో పెద్దాయన
"ఎవరి పిల్లవే నువ్వు?" అన్నాడు.
వణికే చేతులు ఎవరికీ కనబడకుండా
హెల్మెట్‌ని ఇంకాస్త అదుముకున్నాను.

ఓడిపోయాం.
అంతకుముందు "ఓడిపోయారు" అనేదాన్ని.

వృద్ధాశ్రమంలో డ్యూటీ ముగించుకుని వాళ్ళమ్మ వచ్చేదాకా
దీపం ఆర్పి ఎలైతో ఆ కొట్లోనే కూర్చున్నాను.
ఎన్నోసారో అడిగాడు, "మనం గెలిచామా?"
ఎన్నోసారో చెప్పాను.
ఆసుపత్రికి వాళ్ళ కారు వెనకే వెళ్ళాను.

అర్ధరాత్రి దాటాక నోటుబుక్కు తీసి
ఇరవైరెండు పేర్లు రాశాను, ఒక్కో పేరు పక్కన
ఆ పిల్లాడు మరిచిపోలేని సంగతి ఒకటి.
ఒకడికి పాప పుట్టిన చెల్లెలి బొడ్డుపేరు,
ఒకడికి తాత పడవ రంగు.
నాలుగు పేర్ల దగ్గరే పెన్ను ఆగిపోయింది.

సోమవారం కాస్త ముందే వెళ్ళాలి.
టేపు నెమ్మదిగా చుట్టాలి.