ధ్వని: లేదు

రీలు నంబరు నూట పద్దెనిమిది.
నిడివి మూడు నిమిషాల నాలుగు సెకన్లు.
రంగు ఉంది, కొంచెం ఎర్రబారింది.
ధ్వని: లేదు.

మౌలాలీలో రెండో అంతస్తు గది,
ఫ్యాను కింద లాప్‌టాప్,
అందులో ఎవరిదో ఇంగ్లండు వాన.
మొహానికి పసుపు రాసుకున్న నీలం ఇంజను
మలుపు తిరిగి వస్తుంది.
నేను రాయాలి: డీజిలు, ఎనిమిది పెట్టెలు, ప్లాట్‌ఫారం తడి.
రీలుకి నలభై రూపాయలు.
తడికి వేరే డబ్బుల్లేవు.

తీసినవాడి పేరు ఎక్కడా లేదు.
చెయ్యి వణుకుతూ ఉంటుంది,
రైలు దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగబడతాడు కాబోలు,
బొమ్మ నిలకడవుతుంది.
ఆఖరి పెట్టె వెనక ఎర్రదీపం
చుక్కయ్యేదాకా వదలడు.

అంచున ఒకామె.
ఆకుపచ్చ కోటు, చేతిలో ఫ్లాస్కు.
నూట మూడులో ఉంది, నూట తొమ్మిదిలో ఉంది,
నూట పదకొండులో సగం భుజం.
స్తంభాన్ని దాటినట్టు
కెమెరా ఆమెను దాటి పోతుంది.
నా పట్టికలో ఇంజనుకి గడి ఉంది, పెట్టెలకుంది,
సిగ్నలుక్కూడా ఉంది.
ఆమెను ‘ఇతరములు’లో వేశాను.

అద్దె ఇవ్వడానికి కిందికెళితే
జబ్బార్ సాబ్ అడిగాడు,
రాత్రంతా ఏం జూస్తవమ్మా అని.
ముప్పై నాలుగేళ్ళు డీజిల్ షెడ్డులో ఫిట్టరు.
కుడి చెవి షెడ్డుకే ఇచ్చేసి వచ్చాడు,
ఎడమది సగం.
లాప్‌టాప్ కిందికి తెచ్చాను.

ముందు నవ్వాడు.
“కిటికీలకు ఊచల్లేవు! పోరగాండ్లు బయట పడరా?”
ఒకాయన అద్దం దించి, చెయ్యి బయటపెట్టి,
బయటి పిడి తిప్పుకుని దిగాడు.
“లోపట గొళ్ళెం లేదా? గిదేం డబ్బా!”
తరవాత పొగ చూసి నవ్వాపేశాడు.
“ఆపు. ఎన్కకు పో. ఇంకొంచెం.”
జ్వరం చూసినట్టు
తెర మీద వేలి వెనకభాగం ఆనించాడు.
“నల్లగ లేస్తుంది జూడు. గాలి సాల్తలేదు దీనికి.
ఫిల్టరు కడగలే ఎవ్వడు.
పొద్దుగాల్నే చెప్పి ఉంటది పాపం,
ఎవడిన్లే?”

అది ఎలా చెప్పి ఉంటుందో
వివరించలేదు, చేసి చూపించాడు.
కళ్ళు మూసుకుని, గొంతుకి బాగా కింద ఎక్కడో మొదలుపెట్టి
ఒకటో నాచ్, రెండో నాచ్,
దవడ అదిరింది,
టీపాయి మీద మందుల డబ్బా ఇంత జరిగింది.
ఐదో నాచ్ దగ్గర దగ్గొచ్చింది.
ఖైరున్నీసా ఆంటీ గరిటెతో పరిగెత్తుకొచ్చి
“లారీ వచ్చిందా ఏంది?” అంది.

షెడ్డులో ఫొటోలు తియ్యనిచ్చేవాళ్ళు కాదట.
విప్పి బిగించిన ఇంజన్లలో
ఒక్కదాని బొమ్మా ఇంట్లో లేదు.
నంబర్లు మాత్రం నోటికొచ్చు,
మనవరాళ్ళ పేర్ల దగ్గరే తడబడతాడు.

నూట పద్దెనిమిది చివర రైలు లేదు.
తుప్పు యార్డు. తుక్కుకి కోస్తున్న పెట్టె.
దాని తలుపొకటి ఊడదీసి
గడ్డి మీద వెల్లకిలా పడుకోబెట్టారు.
పిడి ఇంకా మెరుస్తోంది,
ఎన్ని చేతులు తోమాయో.
ఆకుపచ్చ కోటామె నడిచి వచ్చింది,
ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, వంగి,
పిడి తిప్పింది.
కెమెరా మొదటిసారి ఆమె దగ్గర ఆగింది.
అంతలో రీలైపోయింది.

జబ్బార్ సాబ్ ఏమీ అనలేదు.
ఆంటీయే, గరిటె అలా పట్టుకునే,
“జమీన్లకు తెరుచుకుంటదా ఆ దర్వాజా?” అంది.

రాత్రి పన్నెండున్నరకి గూడ్సు పోయింది.
ఇప్పుడన్నీ కరెంటువి.
నేను దిగిన కొత్తలో కిటికీ అద్దం గడగడలాడేది,
దానికని మడిచి దోపిన బస్సు టికెట్టు
ఇంకా ఆ సందులోనే ఉంది.

పట్టిక తెరిచాను.
‘లేదు’ చెరిపాను.
ఏం రాయాలో తోచక చాలాసేపు కూచున్నాను.

పొద్దున ఆఫీసు నుంచి మెయిలు:
నూట పద్దెనిమిది. ఒక గడి ఖాళీ.
సరిచూడగలరు.